చీకట్లో వేడిని పట్టే సెల్లు కెమెరా: చేని కావలికి ఎంతవరకు పనికొస్తుంది?

రాత్రి రెండు గంటలు. బుడ్డల చేని గట్టున మంచె మీద మీరు. కింద కుక్క గుర్రుమంది. బ్యాటరీ లైటు వేశారు. వెలుగు కొంత దూరం పోయి చీకట్లో కలిసిపోయింది. అవతల ఏదో అలికిడి. పందా? పక్క చేని ఎద్దా? మోటారు వైరు కోయడానికొచ్చిన దొంగా? తెలియదు. దిగి పోదామంటే భయం, పోకుంటే పంట పాయె. డబ్బా కొట్టి, కేకేసి మళ్లీ నడుం వాలుస్తారు. తెల్లారి చూస్తే నాలుగు సాళ్లు నాగలితో దున్నినట్టు తవ్వి ఉంటాయి.

ఎర్రమల కొండల అంచున, బేతంచెర్ల చుట్టుపక్కల మెట్ట సేద్యం చేసే రైతుకు ఇలాంటి రాత్రి గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆరుగాలం కష్టపడి, చేతికొచ్చే పంటను చివరి నెలలో కాపాడుకోవడమే పెద్ద పని అయిపోయింది. ఈ కావలి పనిలోకి ఈ మధ్య ఒక కొత్త వస్తువు వచ్చింది. అగ్గిపెట్టె అంత ఉంటుంది. సెల్‌ఫోనుకు కింద చార్జరు పెట్టే చోట తగిలిస్తే చాలు, చీకట్లో ఉన్న జంతువు, మనిషి వేడిని తెర మీద తెల్లటి మచ్చగా చూపిస్తుంది. దీన్నే థర్మల్ కెమెరా అంటున్నారు.

ఇది కొనాలా వద్దా? కొంటే ఒక్కరా, పదిమందా? ఇది ఏం చూపిస్తుంది, ఏం చూపించదు? డబ్బు పెట్టకముందే ఈ సంగతులు తెలుసుకోవడం మంచిది.

ఇది పనిచేసే తీరు

ప్రతి వస్తువు తన వేడిని బట్టి కంటికి కనపడని కిరణాలను వదులుతూ ఉంటుంది. వీటిని పరారుణ కిరణాలంటారు. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త వీటి ఉనికిని కనిపెట్టాడు. పొయ్యి దగ్గర చెయ్యి పెడితే మంట తగలకుండానే సెగ తెలుస్తుంది గదా, అదే ఇది. పంది, గొర్రె, కుక్క, మనిషి అందరూ వెచ్చని నెత్తురు ఉన్నవాళ్లే. రాత్రి చల్లబడిన నేల కంటే వీళ్ల ఒళ్లు వేడిగా ఉంటుంది. ఆ తేడానే థర్మల్ కెమెరా బొమ్మగా మారుస్తుంది. దీనికి వెలుగుతో పనిలేదు. అమావాస్య నాడైనా, పున్నమి నాడైనా ఒకటే.

2014లో అమెరికాలో ఫ్లిర్ అనే కంపెనీ ఫోనుకు తగిలించే థర్మల్ కెమెరాను 349 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది సీక్ అనే మరో కంపెనీ వచ్చింది. 2016లో క్యాట్ ఎస్60 అనే ఫోనులో ఈ కెమెరా లోపలే అమర్చి వచ్చింది. ఆ తర్వాత చైనా కంపెనీలు దిగాయి. ఇన్‌ఫిరే, టాప్‌డన్ వంటి పేర్లతో వస్తున్న చిన్న కెమెరాలు విదేశాల్లో 200 నుంచి 300 డాలర్లకు దొరుకుతున్నాయి. మన లెక్కలో సుమారు 17 వేల నుంచి 27 వేల రూపాయలు. పన్ను, రవాణా దీనికి అదనం.

ఎంత దూరం కనపడుతుంది?

అమ్మేవాళ్లు ఎంతైనా చెబుతారు. మీరు మాత్రం లెక్క వేసి చూస్కోండి. ఈ కెమెరా బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే రకంలో అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు ఉంటాయి. దాని చూపు వెడల్పు సుమారు 56 డిగ్రీలు. అంటే 100 మీటర్ల దూరంలో అది దాదాపు 106 మీటర్ల వెడల్పు నేలను ఒకేసారి చూస్తుంది. ఆ 106 మీటర్లను 256 చుక్కలకు పంచితే ఒక్కో చుక్క వంతుకు 41 సెంటీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ.

అడవి పంది పొడవు నాలుగడుగులు అనుకుందాం. 100 మీటర్ల దూరంలో అది తెర మీద మూడు చుక్కలు. అక్కడేదో వేడి వస్తువు ఉందని తెలుస్తుంది, అంతే. అది పందో, కుక్కో, కూర్చున్న మనిషో చెప్పలేం. 50 మీటర్లకు వస్తే ఐదారు చుక్కలు. 30 మీటర్లకు తొమ్మిది, పది చుక్కలు. అప్పుడు గాని నాలుగు కాళ్లు, తల, నడక గుర్తు పట్టలేం.

ఫోనులో వేళ్లతో బొమ్మను పెద్దది చేస్తే అవే చుక్కలు పెద్దవవుతాయి గాని కొత్త సంగతేమీ రాదు. ఇక 80 చుక్కల చౌక రకంలో అయితే 100 మీటర్ల దూరాన పంది ఒక్క చుక్క. చేని కావలికి అది పనికిరాదు.

కాబట్టి ఒక మాట గుర్తుంచుకోండి. ఈ కెమెరా ‘ఏదో ఉంది’ అని దూరం నుంచి చెబుతుంది. ‘అది ఫలానా’ అని దగ్గరకొస్తేనే చెబుతుంది. ఆ మచ్చను చూసి రాయి విసరడం, ఇంకేదైనా చేయడం ప్రమాదం. చేని గట్టున బహిర్భూమికి కూర్చున్న మనిషి కూడా తెర మీద తెల్లటి మచ్చే.

మన నేల, మన రాళ్లు

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. బేతంచెర్ల అంటేనే బండలు. గనుల దగ్గర పోసిన రాళ్ల గుట్టలు, గట్టున పేర్చిన నాపరాళ్లు, కొండ చరియలు పగలంతా ఎండకు కాగి, పొద్దు గూకిన తర్వాత కూడా చాలాసేపు సెగ వదులుతుంటాయి. వేసవిలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు కెమెరా పెట్టి చూస్తే చేను చుట్టూ పందుల మంద ఉన్నట్టే కనపడుతుంది. తీరా అవి రాళ్లు.

దీనికి ఉపాయం ఉంది. పగటిపూట మంచె మీద నుంచి రాళ్లు, చెట్లు, దిబ్బలు ఎక్కడెక్కడున్నాయో ఒకసారి మనసులో పెట్టుకోండి. మొదటి రెండు రాత్రులు ఊరికే చూసి, ఏ మచ్చ కదలదో గుర్తించండి. కదిలేదే మనకు కావలసింది. అర్ధరాత్రి దాటాక, నేల చల్లబడ్డాక బొమ్మ తేటగా వస్తుంది. కోడి కూసే లోపలి రెండు, మూడు గంటలు అన్నిటికంటే మేలు.

వాన కురుస్తున్నప్పుడు, దట్టంగా మంచు పట్టినప్పుడు చూపు దూరం తగ్గిపోతుంది. పంట ఎత్తును బట్టి కూడా తేడా ఉంటుంది. బుడ్డలు, శనగ, ఉల్లి లాంటి పొట్టి పంటల్లో పంది వీపు బాగా కనపడుతుంది. కంది, జొన్న, మొక్కజొన్న ఏపుగా పెరిగాక లోపల దూరిన జంతువు కనపడదు. ఈ కెమెరా ఆకుల్లోంచి, గోడల్లోంచి చూడలేదు. అద్దం అవతల ఉన్నది కూడా చూడలేదు. జీపులో కూర్చుని అద్దం వేసుకుని చూస్తే మీ మొహమే మసకగా కనపడుతుంది. అందుకే ఎత్తు మంచె ఉన్నవాళ్లకు దీనివల్ల లాభం ఎక్కువ.

పాము కనపడదు: ఇది మరవొద్దు

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. పాముది చల్లని ఒళ్లు. చుట్టూ ఉన్న నేల ఎంత వేడిగా ఉంటే అదీ దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి థర్మల్ కెమెరాలో రక్తపింజర, కట్లపాము, నాగుపాము స్పష్టంగా కనపడతాయని నమ్మకం పెట్టుకోకూడదు. ఫోను తెర చూసుకుంటూ గట్టు మీద నడిచే మనిషి కాలి కింద ఏముందో చూడడు. కొత్త వస్తువు చేతికొచ్చిందన్న ధైర్యంతో పాత జాగ్రత్త వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నడిచేటప్పుడు ఫోను జేబులో, బ్యాటరీ లైటు చేతిలో ఉండాలి. నిలబడ్డాకే కెమెరా తీయాలి. కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. ఒకవేళ పాము కరిస్తే కోయడం, తాడుతో బిగించి కట్టడం, పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

ఇంకే పనులకు వాడుకోవచ్చు?

పంట కావలి ఒక్కటే కాదు. చేలో మంద కట్టిన గొర్రెల కాపరికి ఇది బాగా పనికొస్తుంది. రాత్రి దొడ్డి చుట్టూ ఒకసారి తిప్పి చూస్తే తోడేలో, నక్కో పొంచి ఉంటే తెలుస్తుంది. మందలోంచి తప్పిపోయి పొదల పక్కన పడుకున్న పిల్లను వెతకడం సులువు. బోరు దగ్గర మోటారు కేబులు, స్టార్టరు, ట్రాన్స్‌ఫార్మరులోని రాగి తీగ పోతున్న ఊళ్లలో దూరం నుంచే మనుషుల కదలిక కనిపెట్టవచ్చు. అలా కనపడితే ఒంటరిగా ఎదురుపోకండి. ఊళ్లోకి, 112కు ఫోను చేయండి.

పగటిపూట కూడా పని ఉంది. స్టార్టరు పెట్టెలో ఏ వైరు వదులై వేడెక్కుతోందో, మోటారు ఎక్కడ కాగుతోందో కెమెరా చూపిస్తుంది. వైరును ముట్టుకోకుండా దూరం నుంచే చూడొచ్చు. మరమ్మతు మాత్రం కరెంటు తీసిన తర్వాత తెలిసినవాళ్లతోనే చేయించండి.

దేశంలో ఎక్కడ వాడుతున్నారు?

పెద్ద ఎత్తున ఈ పని చేస్తున్నది అటవీ శాఖలే. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లాలో తోడేళ్లు పిల్లల మీద పడినప్పుడు, వాటిని పట్టుకోవడానికి థర్మల్ కెమెరాలున్న డ్రోన్లతో చెరకు తోటల పైనుంచి వెతికారు. తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మదుక్కరై వద్ద రైలు పట్టాల మీద ఏనుగులు చనిపోతుంటే, 2024 ఫిబ్రవరిలో 12 టవర్ల మీద థర్మల్ కెమెరాలు, మామూలు కెమెరాలు పెట్టారు. ఏనుగు పట్టాల వైపు వస్తుంటే అటవీ, రైల్వే సిబ్బందికి ముందే కబురు అందుతుంది. అక్కడ కెమెరా ఏనుగును ఆపడం లేదు. మనిషికి ముందుగా చెబుతోంది, అంతే. మన చేలో కూడా దీని పని అదే.

మనకు దగ్గర్లో చిరుత భయం కూడా లేకపోలేదు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. 2024 జూన్‌లో మన నంద్యాల జిల్లాలోనే, నల్లమల అంచున పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన మహిళను చిరుత చంపింది. అడవి దగ్గర చేలున్నవాళ్లు రాత్రిపూట మంచె దిగే ముందు చుట్టూ ఒకసారి ఈ కెమెరాతో చూసుకోవడం మేలు. లైటు వెలుగుకు చిరుత కళ్లు మెరుస్తాయి గాని థర్మల్ కెమెరాలో ఆ మెరుపు కనపడదు. రెండూ చేతిలో ఉంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

ఖర్చు లెక్క: ఒక్కరికి బరువు, పదిమందికి తేలిక

రెండెకరాల రైతు ఒక్కడే పాతిక వేలు పెట్టి దీన్ని కొనమని మేం చెప్పం. లెక్క చూడండి. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. పందుల వల్ల ఒక పంటకు రెండు క్వింటాళ్లు పోయాయనుకుంటే నష్టం 14,526 రూపాయలు. కెమెరా ఉన్నంత మాత్రాన ఆ నష్టమంతా ఆగదు. సగం ఆగిందనుకున్నా ఏటా ఏడు వేల పైచిలుకు. ఒక్కడే కొంటే పెట్టుబడి తిరిగి రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు వస్తువు చెడిపోతే గోవిందా.

అదే ఒకే కొండ అంచున పక్కపక్కన చేలున్న పదిమంది కలిస్తే తలా 2,500 రూపాయలు. కావలి కూడా వంతులవారీగా వేసుకోవచ్చు. రోజుకు ఇద్దరు మేలుకుంటే మిగతా ఎనిమిది మందికి నిద్ర. పంది ఎవరి చేలో దిగినా కబురు అందరికీ అందుతుంది. రైతు సంఘమో, మహిళా పొదుపు సంఘమో ఉన్నచోట వాళ్ల పేరున కొని, ఎవరి వంతు ఎప్పుడో చీటీ మీద రాసుకుంటే తగాదాలుండవు.

డబ్బు అంత లేదంటే ముందు చౌక మార్గాలు చూడండి. ఏదైనా కదిలితే తనంతట తానే వెలిగే సౌర దీపాలు కొన్ని వందల రూపాయల నుంచే ఉన్నాయి. పందులు దిగే దారిలో రెండు మూడు పెడితే మంచెకు కబురు అందినట్టే. చేని చుట్టూ ఆముదం, కుసుమ లాంటి పంటలను కంచెగా వేసుకోమని హైదరాబాదులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. ఆముదం దానికి నచ్చదు, కుసుమ ముళ్లు దాని ఒంటికి గుచ్చుకుంటాయి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి

1. మీ ఫోనుకు ‘ఓటీజీ’ సదుపాయం ఉందో లేదో ముందు చూసుకోండి. అది లేకుంటే కెమెరా తగిలించినా పనిచేయదు. తగిలించే మూతి ఏ రకమో కూడా సరిపోవాలి.

2. ఫోనులో ఉచితంగా దొరికే ‘థర్మల్ కెమెరా యాప్’లను నమ్మొద్దు. మామూలు కెమెరా బొమ్మకు ఎరుపు, పసుపు రంగులు పూసి చూపిస్తాయి. వేడిని పట్టే పరికరం లేకుండా ఏ యాప్ కూడా వేడిని చూడలేదు.

3. ‘నైట్ విజన్’ అని అమ్మేవన్నీ థర్మల్ కావు. చాలావాటిలో కంటికి కనపడని చిన్న దీపం ఉంటుంది. ఆ దీపం వెలుగు పడినంత దూరమే అవి చూస్తాయి.

4. చుక్కలు 256 × 192కు తగ్గకూడదు. డబ్బు ఇచ్చేముందు చీకట్లో, ఆరుబయట, 50 మీటర్ల దూరంలో ఒక మనిషిని నిలబెట్టి చూడండి. కొట్టు లోపల చూస్తే అన్నీ బాగానే కనపడతాయి.

5. బిల్లు, గ్యారంటీ కాగితం తప్పక తీసుకోండి.

వాడేటప్పుడు

కెమెరాను సూర్యుడి వైపు తిప్పొద్దు, లోపలి పరికరం పాడవుతుంది. దాని కంటి అద్దం మామూలు గాజు కాదు, జెర్మేనియం లాంటి ఖరీదైన పదార్థం. పైపంచెతో తుడిస్తే గీతలు పడతాయి. మధ్య మధ్యలో ‘టిక్’ మని చప్పుడై బొమ్మ ఒక క్షణం ఆగుతుంది, భయపడొద్దు, అది తనను తాను సరిచేసుకోవడం. ఫోను తెర వెలుగు బాగా తగ్గించండి. లేకపోతే మీ కళ్లు చీకటికి అలవాటు పడవు, మీ మొహం కూడా దూరానికి కనపడుతుంది. రాత్రంతా చూస్తూ కూర్చుంటే ఫోను చార్జింగు అయిపోతుంది. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఒక నిమిషం పాటు ఎడమ నుంచి కుడికి నిదానంగా తిప్పి చూస్తే చాలు.

కనపడ్డాక ఏం చేయాలి?

మంచె దిగొద్దు. దూరం నుంచే డబ్బా కొట్టండి, కేకలేయండి, లైటు వేయండి. పక్క మంచె వాళ్లకు ఫోను చేసి ఇద్దరు ముగ్గురు ఒకేసారి చప్పుడు చేస్తే పందులు బెదురుతాయి. అవి పారిపోయే దారి మాత్రం వదిలిపెట్టండి. పిల్లలున్న ఆడపంది, దెబ్బ తిన్న పంది మనిషి మీదికి వస్తుంది.

జంతువు ఎక్కడుందో కనపడుతోంది గదా అని ఉచ్చులు, నాటు తుపాకులు, నాటు బాంబుల జోలికి పోవద్దు. కృష్ణ జింక, చిరుత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అడవి పందిని అనుమతి లేకుండా చంపినా నేరమే.

ఇక చేని చుట్టూ తీగ కట్టి లైను కరెంటు వదలడం గురించి. ఇది చట్టానికి విరుద్ధమన్నది ఒక మాట. పంది కోసం పెట్టిన తీగకు తెల్లవారుజామున నీళ్లు కట్టడానికొచ్చిన కన్నకొడుకో, పక్కచేని పెద్దాయనో బలైతే ఏ పంట ఆ నష్టం పూడుస్తుంది? కంచె తప్పదనుకుంటే సౌర కంచె పెట్టుకోండి. దాంట్లో కరెంటు చిన్న చిన్న దెబ్బలుగా వస్తుంది, బెదరగొడుతుంది గాని ప్రాణం తీయదు. ఊరి దగ్గర ఎక్కడైనా కరెంటు తీగ తెగి పడితే 1912కు చెప్పండి.

నష్టం జరిగితే తెల్లారగానే ఫోనుతో ఫొటోలు తీయండి. కేంద్ర ఫసల్ బీమాలో అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని కూడా 2026 ఖరీఫ్ నుంచి చేర్చుతున్నట్టు 2025 నవంబరులో ప్రకటించారు. 72 గంటల్లోగా, చోటు నమోదయ్యే ఫొటోలతో బీమా యాప్‌లో తెలపాలన్నది నిబంధన. ఏ జిల్లాలు, ఏ జంతువులు అన్నది రాష్ట్రం నిర్ణయించాలి. మీ పంటకు వర్తిస్తుందో లేదో రైతు సేవా కేంద్రంలో అడగండి. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోను చేస్తే తెలుగులోనే జవాబు చెబుతారు, పైసా ఖర్చు లేదు.

చివరగా ఒక మాట. ఈ కెమెరా కంచె కాదు, కుక్క కాదు, తోడు మనిషి కాదు. చీకట్లోకి దిగే ముందు అక్కడేముందో చెప్పే ఒక కన్ను మాత్రమే. ఆ కన్ను పదిమందికి ఉమ్మడిగా ఉంటే ఖర్చు తేలిక, కావలి తేలిక. ఈ పంటకు కొనాలనుకునేవాళ్లు ముందుగా గట్టు గట్టు కలిసిన రైతులంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోండి. కెమెరా కొన్నా కొనకపోయినా, ఆ మాట్లాడుకోవడం మాత్రం ఊరికే పోదు.